ట్వెల్త్ స్కిప్ చేసి కాలేజీలో చేరింది, ఇప్పుడు పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అంటోంది. సలహా కావాలి

ఫ్రిస్కో_శారద | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ, కాస్త పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిక పట్టండి. మా అమ్మాయికి 17. లెవెన్త్ అయ్యేసరికే హైస్కూల్ క్రెడిట్స్ అన్నీ పూర్తి చేసేసింది, సమ్మర్ కోర్సులు, కాలిన్ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (స్కూల్‌కీ కాలేజీకీ రెండిటికీ లెక్కకొచ్చే కోర్సులు), అన్నీ కలిపి స్కూల్ వాళ్లు డిప్లొమా కూడా ఇచ్చేశారు, సీనియర్ ఇయర్ చదవకుండానే మొన్న ఆగస్టులో ఇంటికి దగ్గర్లో ఉన్న స్టేట్ యూనివర్సిటీలో మ్యాథ్స్ మేజర్‌లో చేరింది. ఎందుకు అంత తొందర అంటే, ఈ ఏరియా స్కూళ్ల సంగతి మీకు తెలియనిది కాదు, యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్‌కి క్లాసు ర్యాంకులో టాప్ 6 పర్సెంట్‌లో ఉండాల్సి వచ్చేది, 2026 ఫాల్ బ్యాచ్ నుంచి అదీ 5కి దించేశారు, ఇక్కడ పిల్లలు జీపీఏలో మూడో దశాంశం దగ్గర కొట్టుకుంటారు. మా పాప 11 పర్సెంట్ దగ్గర ఆగింది. ర్యాంకు కోసం నాకు ఇష్టం లేని ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి క్లాసులు) ఇంకో ఏడాది ఎందుకు అమ్మా, అదేదో కాలేజీలోనే చదువుకుంటా అంది, మేమూ సరే అన్నాం.

ఫాల్ సెమిస్టర్‌లో జీపీఏ 3.9 వచ్చింది. సంతోషమే. కానీ క్రిస్మస్ సెలవుల్లో మమ్మల్ని ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో ప్రెజెంటేషన్ పెట్టి మరీ చెప్పింది, ట్రాన్స్‌ఫర్ అప్లై చేస్తా, కార్నెల్, యూటీ ఆస్టిన్, రైస్, బర్కిలీ అని. ఇక్కడ పైస్థాయి మ్యాథ్స్ కోర్సులు కొన్ని ప్రతి ఏడాదీ పెట్టరట, తన ఈడు వాళ్లు కూడా ఎవరూ లేరు. మావారేమో ఉన్నచోట స్కాలర్‌షిప్ ఉంది, గమ్మున చదువుకోమను అంటారు. నాకు తెలియాల్సింది ఏంటంటే, సీనియర్ ఇయర్ లేదని అడ్మిషన్ వాళ్లు తక్కువగా చూస్తారా ఎక్కువగా చూస్తారా? ఇప్పుడైనా ఫ్రెష్‌మన్‌గా (కాలేజీ మొదటి ఏడాదిలో కొత్తగా చేరేవాళ్లలా) అప్లై చెయ్యొచ్చా? ఈ స్ప్రింగ్‌లోనే వెయ్యాలా ఇంకో ఏడాది ఆగాలా?

ఓరుగల్లు_బిడ్డ | ఆదివారం, రాత్రి 11:15

అక్కా ముందుగాల ఒక్కటి అడుగుత, కోపం జేస్కోకు. గా ఒక్క యేడాది ఆగితే ఏమైతుండె? 11 పర్సెంట్ అంటే తక్కువా? ఆటోమేటిక్ రాకపోయినా అప్లై జేస్కోవచ్చు గద, కార్నెల్, రైస్ అసొంటి ప్రైవేటోళ్లు టెక్సస్ 6 పర్సెంట్ రూల్ జూడనే జూడరు. అదంతా 1997ల మీ స్టేట్ చట్టం జేసుకున్న ముచ్చట. ఆటోమేటిక్ వచ్చినోళ్లకు గూడ యూనివర్సిటీల సీటు గ్యారెంటీ గని కోరుకున్న మేజర్ గ్యారెంటీ లేదు. మీరు దర్వాజ మూసేసి కిటికీలకెల్లి దూకుదామంటున్నరు అనిపిస్తున్నది నాకైతే.

సియాటిల్_సుబ్బు | సోమవారం, ఉదయం 7:30

ఓరుగల్లు గారూ, అయిపోయిన దానికి ఇప్పుడు ఆవిడ్ని అని ఏం లాభం లెండి. కానీ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది, చాలామంది మనవాళ్లు గమనించరు. మా వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్ అని 1990 నుంచి ఉంది. పిల్లలు లెవెన్త్, ట్వెల్త్ రెండేళ్లూ కమ్యూనిటీ కాలేజీకే (రెండేళ్ల చదువుండే లోకల్ కాలేజీ) వెళ్లి చదువుతారు, ట్యూషన్ ఉండదు, కొంతమంది అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) కూడా చేతిలో పట్టుకుని బయటికొస్తారు. అయినా వాళ్లు యూనివర్సిటీకి వెళ్లేటప్పుడు ఫ్రెష్‌మన్‌గానే అప్లై చేస్తారు, ఎందుకంటే అదంతా హైస్కూల్లో పేరు ఉండగా చదివింది. మీ టెక్సస్‌లో కూడా డెంటన్‌లో టామ్స్ ఉంది కదా, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ క్యాంపస్‌లో, టెన్త్ అవగానే తీసుకెళ్లి హాస్టల్లో పెట్టి రెండేళ్లు కాలేజీ క్లాసులు చెప్పిస్తారు, వాళ్లకి చివర్లో హైస్కూల్ డిప్లొమా వస్తుంది, వాళ్లూ ఫ్రెష్‌మన్‌గానే వెళ్లొచ్చు. మీ అమ్మాయిది అలా కాదు. డిప్లొమా వచ్చేసింది, ఆ తర్వాత ఫుల్‌టైమ్ డిగ్రీ స్టూడెంట్‌గా చేరింది. అక్కడితో దాదాపు అన్నిచోట్లా ట్రాన్స్‌ఫర్ లెక్క. డిప్లొమా తీసుకుని ఏ కాలేజీలోనూ చేరకుండా గ్యాప్ ఇయర్ తీసుకుని ఉంటే ఫ్రెష్‌మన్ అవకాశం ఉండేది.

ఫ్రిస్కో_శారద | సోమవారం, ఉదయం 8:05

ఇది మాకు ఎవరూ చెప్పలేదు. డ్రాప్ అయిపోయి మళ్లీ ఫ్రెష్‌మన్‌గా వెయ్యొచ్చా మరి?

కడప_కౌన్సెలర్ | సోమవారం, మధ్యాహ్నం 12:20

లంచ్ బ్రేక్‌లో రాస్తా ఉండా, తప్పులుంటే సర్దుకోండి. నేను టెక్సస్‌లోనే ఒక హైస్కూల్లో కౌన్సెలర్‌ని, ఊరి పేరు అడగొద్దు.

డ్రాప్ అయినా చేరిన రికార్డు పోదు శారదగారూ. అప్లికేషన్‌లో ఇంతవరకు చదివిన ప్రతి కాలేజీ పేరూ రాసి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) పంపాల, దాచితే అడ్మిషన్ ఇచ్చినాక కూడా క్యాన్సిల్ చేస్తారు. కాబట్టి ఆ ఆలోచన వదిలేయండి.

ఇంక మీ మొదటి ప్రశ్న. సీనియర్ ఇయర్ ఎగ్గొట్టినందుకు ప్లస్ మార్కులు పడవు, మైనస్సూ పడవు. "మా పాప ఒక ఏడాది ముందుంది" అనేది మనకు గొప్ప. వాళ్ల ముందుండే ఫైల్‌లో అది ఖాళీగా కనపడే ఒక సంవత్సరం మాత్రమే, దాన్ని కాలేజీ మార్కులతో నింపాల. ఇక్కడే అసలు చిక్కు ఉంది చూడండి. మార్చిలో అప్లై చేస్తే చేతిలో ఉండేది ఒక్క ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లు, స్ప్రింగ్‌వి మిడ్‌టర్మ్ రిపోర్ట్‌లో ప్రొఫెసర్లు రాసిచ్చే గ్రేడ్లు. అంతే. కాలేజీ చదువు అంత తక్కువ ఉన్నప్పుడు వాళ్లు మళ్లీ హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ తీసి చదువుతారు, ఆ హైస్కూల్ కూడా మూడేళ్లదే. అంటే ఏ ర్యాంకు నుంచి తప్పించుకోవాలని పాప బయటికొచ్చిందో ఆ ర్యాంకే మళ్లీ ఎదురొస్తుంది. ఇంకో ఏడాది ఆగి జూనియర్‌గా (డిగ్రీ మూడో ఏడాదిలోకి) పోతే హైస్కూల్ బరువు బాగా తగ్గిపోతుంది, మూడు సెమిస్టర్ల కాలేజీ గ్రేడ్లు, బాగా తెలిసిన ప్రొఫెసర్లు ఇద్దరు, వీలైతే కొంచెం రీసెర్చ్. నేనైతే అదే చెప్తా.

ఇంకొకటి. కాలిన్‌లో చేసిన డ్యూయల్ క్రెడిట్ హైస్కూల్‌తో అయిపోయింది అనుకోవద్దు. అది కాలేజీ ట్రాన్స్‌క్రిప్టే. ట్రాన్స్‌ఫర్ జీపీఏ చూసేటప్పుడు ఆ గ్రేడ్లు కూడా లెక్కలోకి వస్తాయి. పదిహేనేళ్ల వయసులో ఆన్‌లైన్ హిస్టరీ క్లాసులో బద్ధకించి తెచ్చుకున్న సి కూడా వెంట వస్తుంది.

బే_ఏరియా_బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

బర్కిలీ సంగతి నేను చెప్తా. కొట్టెయ్యండి లిస్టులోంచి. మొదటిది, యూసీల (బర్కిలీ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల) అప్లికేషన్ నవంబర్ నెలాఖరు, డిసెంబర్ మొదటి తారీఖులకే మూసేస్తారు, మీరు జనవరిలో ఉన్నారు. రెండోది, యూసీలు తీసుకునేది జూనియర్ స్థాయి ట్రాన్స్‌ఫర్లని, 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి, ఒక్క ఏడాది చదివిన వాళ్లని మామూలుగా చూడరు. మూడోది, వాళ్ల మొదటి ప్రాధాన్యం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి. వేరే స్టేట్‌లో నాలుగేళ్ల యూనివర్సిటీ నుంచి వచ్చేవాళ్లు వరసలో చివర్న ఉంటారు. మా ఇంటి పక్క అబ్బాయి డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీ డేవిస్‌కి గ్యారెంటీ అగ్రిమెంట్ మీద వెళ్లాడు, ఆ గ్యారెంటీ కూడా ఆరు క్యాంపస్‌లకే, బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో అందులో లేవు. ట్యూషన్ చూస్తే అవుట్ ఆఫ్ స్టేట్ వాళ్లకి గుండె ఆగుతుంది. అయినా వాతావరణం బాగుంటుంది లెండి, రండి.

ఎడిసన్_రాజు | సోమవారం, సాయంత్రం 6:48

హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ ఎందుకు వదిలేశారు? మ్యాథ్స్‌లో 3.9 అంటే మామూలు విషయమా! కలలు పెద్దగా కనాలి మేడం.

ఓరుగల్లు_బిడ్డ | సోమవారం, సాయంత్రం 7:02

రాజన్నా, కలలకు అప్లికేషన్ ఫీజు ఎవలు కడ్తరే? ప్రిన్స్‌టన్ 1990 నుంచి 2018 దాక ట్రాన్స్‌ఫర్లే తీస్కోలే. మల్ల షురూ జేసిన యేడు 1,429 మంది పెట్టుకుంటె 13 మందికిచ్చిండ్రు, గది గూడ మిలిటరీల జేసినోళ్లు, కమ్యూనిటీ కాలేజీ పోరగాళ్లు, పైసలు లేనింట్ల పుట్టినోళ్లను ఎక్కువ జూస్తమని చెప్పిండ్రు. హార్వర్డ్ యేడాదికి తీస్కునేది పట్టుమని పాతికమంది గూడ ఉండరు. ఫ్రెష్‌మన్‌కంటె ట్రాన్స్‌ఫర్ కష్టం ఆడ. కార్నెల్ ఒక్కటే ఐవీ లీగ్ అనే పాత పేరున్న యూనివర్సిటీలల వేరే తీరు, వందల మందిని తీస్కుంటది ట్రాన్స్‌ఫర్ల. గందుకె పాప లిస్టుల కార్నెల్ ఉన్నది, ఆ పిల్లకు మనకంటె ఎక్కువ తెల్సు.

సైమన్స్‌రాక్_తమ్ముడు | సోమవారం, రాత్రి 9:33

హాయ్ ఆంటీ. నా తెలుగు స్పెల్లింగ్స్ అమ్మ చెక్ చేసింది, ఐనా తప్పులుంటే సారీ. నేను లెవెన్త్ తర్వాత హైస్కూల్ వదిలేసి సైమన్స్ రాక్‌కి వెళ్లాను. అది బార్డ్ కాలేజీ వాళ్లది, టెన్త్ లేదా లెవెన్త్ అయిన పిల్లల కోసమే పెట్టిన కాలేజీ, 1960ల నుంచి ఉంది, నేను ఉన్నప్పుడు మసాచుసెట్స్‌లో కొండల మధ్య ఉండేది, 2025లో న్యూయార్క్‌లో బార్డ్ పక్కకి షిఫ్ట్ చేశారు. అక్కడ రెండేళ్లకి అసోసియేట్ డిగ్రీ ఇస్తారు, చాలామంది అది తీసుకుని వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ అవుతారు. అంటే అక్కడ ట్రాన్స్‌ఫర్ అనేది వింత కాదు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు అని డిన్నర్‌లో మాట్లాడుకునేవాళ్లం. నేను జూనియర్‌గా కార్నెల్‌కి వెళ్లాను.

నాకు తెలిసింది చెప్తాను. ట్రాన్స్‌ఫర్ ఎస్సేలో వాళ్లు అడిగేది ఒకటే, ఉన్నచోట ఎందుకు కుదరదు, మా దగ్గర ఏం చేస్తావు. "మీది పెద్ద పేరున్న యూనివర్సిటీ" అని రాస్తే అయిపోయింది. ఉన్న కాలేజీని తిట్టినా అయిపోయింది. మీ అమ్మాయి రీజన్ బాగుంది, కోర్సులు ప్రతి ఏడాదీ ఉండవు అన్నది చూపించగలిగే విషయం. ఏ కోర్సు, ఎప్పుడు పెట్టారు, దాని బదులు తను ఏం చేసింది, ప్రొఫెసర్‌తో ఇండిపెండెంట్ స్టడీ అడిగిందా, అవి రాయాలి. అడగకుండా వెళ్లిపోతా అంటే కమిటీకి కూడా డౌట్ వస్తుంది. స్కిప్ గురించి రెండు లైన్లు చాలు. నేను ఫస్ట్ డ్రాఫ్ట్‌లో సగం పేజీ స్కిప్ గురించే రాస్తే మా అడ్వైజర్ ఎర్ర పెన్నుతో మొత్తం కొట్టేసింది, నువ్వు వయసులో చిన్నవాడివని వాళ్లకి డేట్ ఆఫ్ బర్త్‌లో కనపడుతుంది అంది.

లోన్లీగా ఉంది అన్నారు కదా, అది నిజం, నాకు తెలుసు. కానీ ట్రాన్స్‌ఫర్ అయిన చోట కూడా మొదట్లో అంతే ఉంటుంది, అందరికీ ఫ్రెష్‌మన్ ఇయర్ ఫ్రెండ్స్ ఆల్రెడీ ఉంటారు. చాలా చోట్ల ట్రాన్స్‌ఫర్స్‌కి హాస్టల్ గ్యారెంటీ కూడా ఇవ్వరు.

ఫ్రిస్కో_శారద | సోమవారం, రాత్రి 10:20

తమ్ముడూ ఎంత చక్కగా రాశావు నాన్నా, మీ అమ్మగారికి నమస్కారాలు. ఇండిపెండెంట్ స్టడీ మాట పాపకి చెప్పాను, "అది అడగొచ్చని నాకు తెలీదు" అంది.

తెనాలి_తాతయ్య | మంగళవారం, ఉదయం 6:15

మీరంతా పడుకునే వేళకి మాకు పగలు. మా రోజుల్లో దీన్నే డబుల్ ప్రమోషన్ అనేవాళ్లం. హెడ్మాస్టరు గారికి నచ్చితే రెండో క్లాసు నుంచి నాలుగో క్లాసులో కూర్చోబెట్టేవారు, పుట్టినతేదీ కూడా ఆయన రాసిందే ఖాయం, అందుకే మా బ్యాచ్‌లో సగం మంది జులై ఒకటిన పుట్టాం. ట్రాన్స్‌ఫర్ అంటే టీసీ పట్టుకుని బస్సెక్కడమే. ఇన్ని తతంగాలు లేవు.

ఒక్క మాట మాత్రం అనుభవంతో చెప్తా. మా బంధువుల పిల్ల అక్కడే పుట్టి పెరిగి, చివరికి ఇండియాలో ఎంబీబీఎస్ చేస్తానని వచ్చింది. ఇక్కడ నీట్‌కి ట్వెల్త్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి, 17 ఏళ్లు నిండాలి, ఈక్వలెన్స్ సర్టిఫికెట్ కావాలి. పన్నెండేళ్ల స్కూలు కాగితం మీద లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగడమే పని. మీ అమ్మాయికి ఇటువైపు వచ్చే ఉద్దేశం ఏమైనా ఉంటే ఆ డిప్లొమా కాగితాలన్నీ భద్రంగా పెట్టుకోండి తల్లీ.

సియాటిల్_సుబ్బు | మంగళవారం, ఉదయం 7:50

తాతయ్యగారి మాట మీద గుర్తొచ్చింది. డిప్లొమా రాకుండా సీనియర్ ఇయర్ వదిలేసే ప్రోగ్రాములూ ఉన్నాయి, మా దగ్గర యూడబ్ల్యూ (యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్) అకాడమీ అలాంటిదే, టెన్త్ తర్వాత నేరుగా యూనివర్సిటీలోకి. అలా వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి, డిప్లొమా గానీ దానికి సమానమైన జీఈడీ పరీక్ష లాంటిది గానీ లేకపోతే ఫాఫ్సా అనే అప్లికేషన్ మీద వచ్చే ఫెడరల్ ఎయిడ్ దగ్గర ఇబ్బంది. శారదగారి పాపకి డిప్లొమా ఉంది కాబట్టి పర్లేదు.

శారదగారూ, అడగొచ్చో లేదో గానీ, మీది గ్రీన్‌కార్డా, సిటిజన్లా? దాన్ని బట్టి సగం సలహాలు మారిపోతాయి.

ఫ్రిస్కో_శారద | మంగళవారం, ఉదయం 8:30

పాప హెచ్4 (అమ్మానాన్నల వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) అండీ. గ్రీన్‌కార్డ్ క్యూలో మా ప్రయారిటీ డేట్ 2015, ఈబీ2 కేటగిరీ.

కడప_కౌన్సెలర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

అయ్యో, ఈ మాట మొదట్లోనే చెప్పింటే బాగుండేది కదమ్మా. నిన్న నేను "ఇంకో ఏడాది ఆగండి" అన్నది కొంచెం మార్చి చెప్పాల్సి వస్తుంది.

హెచ్4 పిల్లలకు ఫాఫ్సా లేదు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ కిందే చూస్తారు, అందులోనూ ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్ అంటే ఎయిడ్ దొరకడం చాలా అరుదు. ఫలానా చోట ఇంటర్నేషనల్స్‌కి కూడా నీడ్ బ్లైండ్ (ఫీజు కట్టే స్తోమత చూడకుండా సీటివ్వడం) అని పేపర్లో చదివింటారు, అది చాలావరకు ఫ్రెష్‌మన్ల గురించి. స్కాలర్‌షిప్‌లూ అంతే, పెద్దవన్నీ ఫ్రెష్‌మన్లకే పెట్టింటారు.

హైదరాబాదీ_హెచ్4 | మంగళవారం, మధ్యాహ్నం 3:40

నేను ఇది దాటి వచ్చినదాన్ని, అందుకే లాగిన్ అయి రాస్తున్నా. శారద ఆంటీ, 21 గుర్తుపెట్టుకోండి, మిగతా నంబర్లన్నీ దాని తర్వాతే. 21 నిండితే హెచ్4 పోతుంది. గ్రీన్‌కార్డ్ లెక్కలో ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే చట్టం ఉంది, కానీ అది హెచ్4ని పొడిగించదు, కొంతమంది రెండూ ఒకటే అనుకుంటారు.

మీ అమ్మాయికి 17. ఇప్పుడున్న చోటే ఉంటే, ఏపీ, డ్యూయల్ క్రెడిట్ అన్నీ కలుపుకుని 20 ఏళ్లకి డిగ్రీ అయిపోవచ్చు. స్కిప్ చేసినందుకు వచ్చిన అసలు లాభం అదే, పేరు కాదు, టైమ్. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ అయితే ఆ టైమ్ ఏమవుతుందో చూడండి. పెద్ద ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావరకు డిగ్రీలో సగమైనా మా దగ్గరే చదవాలి అంటాయి. పాత క్రెడిట్స్ తీసుకున్నా కొన్నింటిని ఎలెక్టివ్ అని పక్కన పెడతారు, మేజర్‌కి లెక్కెయ్యరు. ఏపీ స్కోర్లు కూడా ఇప్పటి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో క్రెడిట్‌గా కనపడినంత మాత్రాన ఒప్పుకోరు, ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి మళ్లీ పంపించాలి, కొత్త చోట వాళ్ల కటాఫ్ వేరే. అలా ఒక ఏడాది జారిపోయిందంటే సీనియర్ ఇయర్ మానేసి మిగుల్చుకున్న ఏడాది అక్కడే ఇచ్చేసినట్టు.

ఇంకోటి, హెచ్4 మీద డిగ్రీ పూర్తయితే ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) ఉండదు. డిగ్రీ చివరికి వచ్చేలోపు ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, మారితేనే మ్యాథ్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కాబట్టి 12 నెలలు, ఆ మీద ఇంకో 24 నెలలు పని చేసుకోవచ్చు. ఆ ఎఫ్1 మార్పుకే నెలలు నెలలు పడుతుంది. హెచ్4 మీద పెయిడ్ ఇంటర్న్‌షిప్ కూడా కుదరదు, మా ఫ్రెండ్స్ అందరూ సమ్మర్‌లో సంపాదిస్తుంటే నేను ప్రొఫెసర్ దగ్గర వాలంటీర్‌గా చేశాను. ఎఫ్1 అయ్యాక మీ స్టేట్ ఫీజే ఉంటుందా అని రిజిస్ట్రార్ ఆఫీసులో ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది పనికిరాదు. లాయర్‌తో ఒక గంట మాట్లాడండి, ఆ డబ్బు దండగ కాదు.

ఓరుగల్లు_బిడ్డ | మంగళవారం, సాయంత్రం 5:20

చెల్లె జబర్దస్త్ చెప్పింది. నేను మొన్న కిటికీ దర్వాజ అని ఏదో అన్న గని, హెచ్4 పిల్లకు యేడాది ముందు పోవుడు మంచిదే అనిపిస్తున్నది ఇప్పుడు.

శారద_మొగుడు | మంగళవారం, రాత్రి 9:05

నమస్కారం. పై పోస్టుల్లో "మావారు" అనే పాత్రధారిని నేనే. అకౌంట్ ఇప్పుడే తెరిచాను. మా ఆవిడ రాసినట్టు నేను "గమ్మున" అనలేదు, లెక్క చెప్పాను. కార్నెల్‌లో అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది. ఎయిడ్ రాదని ఇక్కడ పెద్దలే చెప్పారు. ఇక్కడ మా అమ్మాయికి ఇన్‌స్టేట్, ఆపైన స్కాలర్‌షిప్. ఆ తేడా డబ్బుతో రేపు పీహెచ్‌డీకో మాస్టర్స్‌కో ఎక్కడికైనా వెళ్లొచ్చు, మ్యాథ్స్ పీహెచ్‌డీ అయితే మంచి చోట్ల వాళ్లే స్టైపెండ్ ఇచ్చి చదివిస్తారు. మ్యాథ్స్‌లో అండర్‌గ్రాడ్ పేరు కంటే ఎవరి దగ్గర ఏం చదివావు అన్నదే చూస్తారని మా ఆఫీసులో ఇద్దరు చెప్పారు. తప్పా?

సైమన్స్‌రాక్_తమ్ముడు | మంగళవారం, రాత్రి 9:50

అంకుల్ తప్పు కాదు, కానీ సగమే రైట్. ఎవరి దగ్గర ఏం చదివావు అన్నదే ముఖ్యం అంటున్నారు, అక్కడ ఆ కోర్సులే లేవు అని తను అంటోంది కదా. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు రియల్ అనాలిసిస్, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా చేసి, వీలైతే గ్రాడ్యుయేట్ కోర్సులు కూడా ఒకటి రెండు చేసి వెళ్తారు. ఆ కోర్సులు సరిగ్గా దొరకని చోట ఉండిపోతే ఆ లెటర్లు ఎవరు రాస్తారు?

కడప_కౌన్సెలర్ | మంగళవారం, రాత్రి 10:30

ఇద్దరూ కరెక్టే. అందుకే నేను యూటీ ఆస్టిన్ ఒక్కటీ వదలొద్దంటా. పబ్లిక్, ఇన్‌స్టేట్, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ పెద్దది, గ్రాడ్యుయేట్ కోర్సులు అక్కడే. టెక్సస్ పబ్లిక్ కాలేజీల మధ్య 42 క్రెడిట్ గంటల కోర్ కరికులం (అందరూ చదవాల్సిన జనరల్ కోర్సులు) ఒకచోట పూర్తి చేస్తే ఇంకోచోట ఒప్పుకుంటారు, కాబట్టి హిస్టరీ, గవర్నమెంట్ మళ్లీ చదివే పని లేదు. క్యాల్క్యులస్ 2413, 2414 అనే కామన్ నంబర్లు కూడా అందుకే. క్రెడిట్స్ తక్కువ పోతాయి, టైమ్ తక్కువ పోతుంది, ఆ పైన హెచ్4 లెక్కకీ సరిపోతుంది. ఫాల్‌కి గడువు మార్చి 1, కనీసం 24 గంటల ట్రాన్స్‌ఫర్ అయ్యే క్రెడిట్ ఉండాల. కంప్యూటర్ సైన్స్ అని మాత్రం మార్చుకోవద్దు, దాంట్లో ట్రాన్స్‌ఫర్ సీట్లు చాలా తక్కువ. మ్యాథ్స్‌గానే పోండి.

లెవెన్త్‌లో ఉన్నప్పుడే యూటీకి అప్లై చేసి, సీటు రాకుండా క్యాప్ ప్రోగ్రాం ఆఫర్ వచ్చింటే ఇంకా బాగుండేది, వేరే యూటీ క్యాంపస్‌లో 30 గంటలు 3.2తో పూర్తి చేస్తే లిబరల్ ఆర్ట్స్‌లోకి గ్యారెంటీ. అది ఫ్రెష్‌మన్‌గా అప్లై చేసినోళ్లకే ఇస్తారు, ఈ చర్చ చదివే లెవెన్త్ పిల్లల అమ్మానాన్నలు గుర్తుపెట్టుకోండి. మ్యాథ్స్ లిబరల్ ఆర్ట్స్ కింద రాదు, అదీ చూసుకోండి.

శారద_మొగుడు | మంగళవారం, రాత్రి 10:55

యూటీ అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ నాకు ఒక విషయం అర్థం కావట్లేదు. నేను యూనివర్సిటీ వాళ్లకి ఫోన్ చేసి పాప గ్రేడ్లు అడిగితే మేం చెప్పం అన్నారు. మైనర్ కదా, ఫీజు కట్టేది నేను కదా!

సియాటిల్_సుబ్బు | బుధవారం, ఉదయం 7:20

ఫెర్పా సార్, స్టూడెంట్ రికార్డుల ప్రైవసీ చట్టం. కాలేజీలో చేరిన క్షణం నుంచి, 16 అయినా 17 అయినా, రికార్డుల మీద హక్కు పిల్లలదే. హైస్కూల్లో ఉంటే 18 దాకా మీదే. ట్యాక్స్‌లో డిపెండెంట్ అయితే కాలేజీ మీకు చెప్పొచ్చు, కానీ చెప్పి తీరాలని లేదు. పాపనే అడిగి సంతకం పెట్టించుకోండి. సంతోషంగా పెడుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఫ్రిస్కో_శారద | బుధవారం, రాత్రి 9:40

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి ముగ్గురం కూర్చున్నాం, పాప ఈ పేజీ మొత్తం చదివింది, తమ్ముడి పోస్ట్ రెండుసార్లు చదివింది. ఇప్పటికి అనుకున్నది, బర్కిలీ తీసేశాం, రైస్ తీసేశాం, ఈ మార్చికి యూటీ ఆస్టిన్ మ్యాథ్స్, కార్నెల్ కూడా వేస్తా అంది, దానికి ఆయన "వస్తే చూద్దాం" దాకా దిగారు. రెండూ రాకపోతే ఉన్నచోటే ఇండిపెండెంట్ స్టడీ పెట్టుకుని 20కి డిగ్రీ అవగొట్టి పీహెచ్‌డీకి వెయ్యడం. ఎఫ్1 గురించి లాయర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. సిఫార్సు లెటర్లకి లీనియర్ ఆల్జీబ్రా ప్రొఫెసర్‌ని అడిగింది, ఆవిడ వెంటనే ఒప్పుకున్నారట, పైగా ఫాల్‌లో అనాలిసిస్ రీడింగ్ కోర్సు పెడతాను ఇక్కడే ఉంటే అన్నారట. అది విని పాప కొంచెం ఊగిసలాటలో పడింది.

కౌన్సెలర్ గారూ, హైస్కూల్ నుంచి ఏమేం తెప్పించాలి? స్కూల్ వదిలేసి ఏడు నెలలైంది, కౌన్సెలర్ కూడా మారిపోయారు.

కడప_కౌన్సెలర్ | బుధవారం, రాత్రి 10:10

కౌన్సెలర్ మారినా రిజిస్ట్రార్ ఉంటారు, వాళ్లనే అడగండి. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్, అందులో గ్రాడ్యుయేషన్ తేదీ అచ్చయి ఉండాల, లెవెన్త్ అయినాక గ్రాడ్యుయేట్ అయిందని ఒక్కోసారి అది లేకుండా పంపిస్తారు. ఇప్పటి యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్, కాలిన్ ట్రాన్స్‌క్రిప్ట్ వేరేగా, ఏపీ స్కోర్లు వేరేగా. కార్నెల్‌కి కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి వేసే ఆన్‌లైన్ అప్లికేషన్) కాలేజ్ రిపోర్ట్ అని ఒక ఫారం ఉంటుంది, అది ఇప్పటి యూనివర్సిటీలో అధికారి ఎవరో ఒకరు నింపాల, దాన్ని ఫిబ్రవరి ఆఖరికి పెట్టుకోవద్దు, అక్కడ ఎవరి పని అనేది తేలడానికే వారం పడుతుంది.

కొత్తగా_వచ్చా | బుధవారం, రాత్రి 10:48

చాలా మంచి డిస్కషన్. మా వాడు నైన్త్, ట్వెల్త్ కాదు టెన్తే స్కిప్ చేస్తానంటున్నాడు, ఎంఐటీ కావాలట, ప్లాన్ చెప్పగలరా?

మోడరేటర్ | బుధవారం, రాత్రి 11:02

కొత్తగా_వచ్చా గారూ, దయచేసి దీనికి కొత్త చర్చ ప్రారంభించండి. అందులో స్టేట్, వీసా స్టేటస్, గ్రేడ్ మొదటి పోస్ట్‌లోనే రాయండి.

శారద_మొగుడు | గురువారం, ఉదయం 6:35

కాలిన్ ట్రాన్స్‌క్రిప్ట్ పాప రాత్రే ఆర్డర్ చేసింది. అందులో ఒక బి ఉందట, ఏ కోర్సులో అని అడిగితే ఫెర్పా అంది.